కిలోన్నర లోపు బిడ్డలు: ఒక ప్రాంతంలో ఆ శాతం ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది

క్లుప్తంగా: 1500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టే పిల్లలు, లెక్కలు గట్టిగా ఉన్న దేశాల్లో చూస్తే, నూటికి ఒకరు అటూ ఇటూగా ఉంటారు. 2500 గ్రాముల లోపు పిల్లల కథ, వీళ్ల కథ ఒకటి కాదు. అది చాలావరకు తల్లి తిండికి, ఒంటికి, ఎత్తుకి సంబంధించింది, ఇది నెలలు నిండకుండా కాన్పు అయిపోవడానికి సంబంధించింది. రెండూ కలిపి చదివితే కారణమూ తప్పుతుంది, మందూ తప్పుతుంది. ఒక జిల్లాలో ఈ శాతం పెరిగిందంటే పరిస్థితి చెడిందనే అనుకోనక్కర్లేదు, లెక్కపెట్టడం బాగుపడి కూడా ఉండొచ్చు.

లిమరిక్‌లో ఏం జరిగింది

ఐర్లండ్ పడమటి వైపు లిమరిక్ అని ఒక ఊరు, చుట్టుపక్కల ప్రాంతం మొత్తానికీ కాన్పుల ఆస్పత్రి అక్కడ ఒక్కటే. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో సెలవు నుంచి తిరిగొచ్చిన డాక్టర్ రాయ్ ఫిలిప్‌కి ఒక విషయం వింతగా అనిపించింది. బాగా చిన్న పిల్లలకి అదనపు పోషకాల కోసం తల్లిపాలల్లో కలిపి పట్టే ఫోర్టిఫయర్‌కి ఆర్డర్లే పెట్టలేదు. స్టాఫ్ మర్చిపోయారా అంటే కాదు, అది కావాల్సినంత చిన్న పిల్లలే ఆ నెలలో పుట్టలేదట.

అప్పుడు పాత రిజిస్టర్లు తీశారు. 2001 నుంచి 2019 దాకా ఏటా జనవరి నుంచి ఏప్రిల్ వరకు చూస్తే వెయ్యి మంది పిల్లల్లో సగటున 8.18 మంది 1500 గ్రాముల లోపు ఉన్నారు, 2020లో అవే నాలుగు నెలల్లో 2.17 మంది. అంటే 73 శాతం తగ్గిపోయింది. అదే టైమ్‌లో డెన్మార్క్ నుంచి కూడా, 28 వారాల లోపు కాన్పులు బాగా పడిపోయాయని రిపోర్ట్ వచ్చింది. ఇక ప్రపంచమంతా ఒకటే చర్చ, గర్భిణులకి ఇంట్లో రెస్ట్ దొరికింది కాబట్టి అని కొందరు, గాలి శుభ్రపడింది కాబట్టి అని ఇంకొందరు, మాస్కుల వల్ల జలుబులూ ఇన్ఫెక్షన్లూ తగ్గాయి కాబట్టి అని మరికొందరు.

ఆ 2.17ని కాస్త విప్పి చూడాలి. ఆ నాలుగు నెలల్లో లిమరిక్‌లో పుట్టిన పిల్లలు 1381 మంది, అందులో కిలోన్నర లోపు వాళ్లు ముగ్గురు. పాత సగటు ప్రకారం పదకొండు మంది ఉండాలి. పదకొండు ఉండాల్సిన చోట మూడు అంటే చిన్న విషయం కాదు, కానీ ఇంత చిన్న అంకెల్లో ఊగిసలాట కూడా మామూలే. తర్వాత 26 దేశాల నుంచి 5 కోట్ల పైచిలుకు కాన్పుల వివరాలు ఒకచోట పోసి చూసినప్పుడు లాక్‌డౌన్ మొదటి మూడు నెలల్లో నెలలు నిండని కాన్పులు తగ్గిన మాట నిజమేనని తేలింది, కాకపోతే తగ్గింది 3–4 శాతం. నేపాల్‌లో అయితే కథ అడ్డం తిరిగింది, లాక్‌డౌన్‌లో ఆస్పత్రి కాన్పులు సగానికి పైగా పడిపోయాయి, వచ్చిన వాళ్లలో నెలలు నిండని కాన్పుల వాటా పెరిగింది. ఇంట్లో కాన్పు అయిన వాళ్ల సంగతి ఆ లెక్కలో లేనే లేదు.

ఒక ప్రాంతం తాలూకు ఈ శాతం ఎంత తేలిగ్గా పైకీ కిందకీ పోతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

రెండున్నర కిలోల గీత, కిలోన్నర గీత

2500 గ్రాముల గీత ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఫిన్లాండ్ పిల్లల డాక్టర్ ఆర్వో యూల్పో సుమారు వందేళ్ల కింద, నెలలు నిండని బిడ్డని గుర్తుపట్టడానికి ఈ బరువు పెట్టుకోమన్నాడు. అప్పట్లో స్కానింగ్ లేదు, చాలామంది తల్లులకి నెల తప్పిన తేదీ గుర్తుండేది కాదు, తూకం ఒక్కటే చేతిలో ఉన్న సాధనం. 1948లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా అదే తీసుకుంది. తీరా చూస్తే రెండున్నర కిలోల లోపు పుట్టిన వాళ్లలో చాలామంది నెలలు నిండి పుట్టిన వాళ్లే, కడుపులో సరిగ్గా ఎదగలేదంతే. అందుకే 1961లో ‘నెలలు నిండని’ అనే మాట తీసేసి ‘తక్కువ బరువు’ అని మార్చారు. ఆ తర్వాత 1500 లోపు అయితే అతి తక్కువ బరువు, 1000 లోపు అయితే మరీ తక్కువ అని కింద ఇంకో రెండు మెట్లు స్థిరపడ్డాయి.

2.3 కిలోల బిడ్డ రెండు దారుల్లో రావచ్చు, తొమ్మిది నెలలూ ఉండి ఎదగకపోవడం ఒకటి, కాస్త ముందే పుట్టేయడం ఇంకొకటి. కిలోన్నర లోపుకి వచ్చేసరికి మొదటి దారి దాదాపు మూసుకుపోతుంది. 28 వారాలకి బిడ్డ బరువు కిలో, కిలోకి కాస్త పైన, 30 వారాలకి కిలోన్నరకి దగ్గర. నిండు నెలల బిడ్డ ఎంత బలహీనంగా ఉన్నా అంత కిందకి పోవడం చాలా అరుదు. కాబట్టి ఈ శాతం కొలిచేది అసలు బరువుని కాదు, ఏడో నెల అటూ ఇటూగా అయిపోతున్న కాన్పుల్ని.

మన దగ్గర ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే కష్టం అని పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది. అది పూర్తిగా తిరగేసిన మాట. ప్రతి వారం ఆగితే ఆ వారం మేరకు ఊపిరితిత్తులు ముదురుతాయి, తల్లీబిడ్డా బాగున్నంత వరకు లాభమే తప్ప నష్టం లేదు.

అమెరికాలో 2500 లోపు పిల్లలు 8 శాతం పైన, 1500 లోపు వాళ్లు చాలా ఏళ్లుగా 1.4 శాతం దగ్గర్లో ఉన్నారు. అంకె చిన్నదే, బరువు పెద్దది. అక్కడ ఏడాది లోపు చనిపోయే పిల్లల్లో దాదాపు సగం మంది ఆ 1.4 శాతంలోంచే.

తూకం దగ్గరే మొదలయ్యే తేడా

భారత్ సంగతి తీసుకుంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2005–06లో తక్కువ బరువు పిల్లలు 21.5 శాతం, 2015–16లోనూ 2019–21లోనూ 18 శాతం చుట్టూ. డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ కలిసి 2020కి వేసిన అంచనా మాత్రం 27 శాతం దాకా పోతుంది. ఒకే దేశం, ఒకే కాలం, తొమ్మిది శాతం తేడా. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, అసలు చిక్కు తూకంలో ఉంది.

నిర్వచనం ప్రకారం 2500 కంటే తక్కువ అయితేనే తక్కువ బరువు, సరిగ్గా 2500 అయితే నార్మల్. కార్డుల్లో చూస్తే 2.5 అనే అంకె దగ్గర పెద్ద కుప్ప ఉంటుంది, ముల్లు తూకంలో 2420 కనిపించినా 2.5 అని రాసేయడం సులువు, తల్లి నోటితో చెప్పేటప్పుడు కూడా రెండున్నర అనేస్తుంది. ఆ కుప్పలో కొంత భాగం నిజానికి గీత కింద ఉండాల్సింది. అంచనాలు వేసేవాళ్లు దాన్ని సర్ది లెక్కేస్తారు, సర్వే చేసేవాళ్లు ఉన్నది ఉన్నట్టు ప్రింట్ చేస్తారు. ఇంకో సంగతి, 2005–06 సర్వేలో బరువు తెలిసిన పిల్లలు మూడో వంతు మందే, ఇప్పుడు దాదాపు 90 శాతం. అప్పట్లో తూకం వేయని పిల్లలు ఎవరంటే ఇంటి దగ్గర పుట్టినవాళ్లు, బీదవాళ్లు, కొండ మీద ఊళ్లవాళ్లు. ఆ పిల్లలు కూడా లెక్కలోకి వచ్చాక శాతం 18కి దిగిందంటే నిజమైన మెరుగుదల పైకి కనిపించేదానికంటే ఎక్కువే అయ్యుండొచ్చు.

కిలోన్నర దగ్గర ఇంకో రకం గోల. డబ్ల్యూహెచ్‌ఓ నిర్వచనం ప్రకారం 700 గ్రాముల బిడ్డ పుట్టి నాలుగు నిమిషాలు ఊపిరి తీసుకుని ఆగిపోతే అది సజీవ జననం, తర్వాత మరణం. కానీ లేబర్ రూమ్‌లో చాలా చోట్ల అది చనిపోయి పుట్టినట్టుగానో అబార్షన్‌గానో రిజిస్టర్‌లోకి పోతుంది. అక్కడ బిడ్డని వెచ్చగా ఉంచే మంచి వార్మర్ వచ్చి, ట్రైనింగ్ అయిన నర్స్ వచ్చి, ఆ బిడ్డని బతికించే ప్రయత్నం మొదలైన రోజు నుంచీ అలాంటి పిల్లలంతా సజీవ జననాలే. మరుసటి ఏడాది కిలోన్నర లోపు శాతం పెరుగుతుంది. పేపర్లో మాత్రం ‘పెరుగుతున్న బరువు తక్కువ పిల్లలు’ అని హెడ్డింగ్ వస్తుంది.

ఎక్కడి బిడ్డ, ఏ లెక్కలో

ఆస్పత్రి లెక్క వేరు, ప్రాంతం లెక్క వేరు. హైదరాబాద్ నీలోఫర్‌కో, గుంటూరు జీజీహెచ్‌కో, విశాఖ కేజీహెచ్‌కో కష్టమైన కేసులన్నీ రిఫర్ అయి వస్తాయి, అక్కడ ఈ శాతం ఎక్కువ కాకపోతేనే ఆశ్చర్యపోవాలి. అదే సమయంలో ఆ కేసుల్ని పంపేసిన ఏరియా ఆస్పత్రిలో శాతం తక్కువగా, ముచ్చటగా కనిపిస్తుంది. అందుకే నవజాత శిశువుల ప్రత్యేక యూనిట్లలో అక్కడే పుట్టిన పిల్లల్ని, బయట పుట్టి వచ్చిన పిల్లల్ని విడివిడిగా లెక్కపెడతారు.

తెలుగు ఇళ్లల్లో దీనికి ఇంకో మెలిక ఉంది, మొదటి కాన్పు పుట్టింట్లో. అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది, చెకప్‌లన్నీ అక్కడే, ఏడో నెలలో సీమంతం అయ్యాక పుట్టింటి వాళ్లు శ్రీకాకుళమో మహబూబ్‌నగరో తీసుకెళ్తారు. కాన్పు జరిగిన చోటుని బట్టి లెక్కేస్తే ఆ బిడ్డ పుట్టింటి జిల్లా ఖాతాలో, తల్లి ఉండే చోటుని బట్టి అయితే హైదరాబాద్ ఖాతాలో. పైగా మొదటి కాన్పుల్లో బీపీ పెరిగి ముందే కాన్పు చేయాల్సి రావడం ఎక్కువ, అంటే చేతులు మారేది సరిగ్గా రిస్క్ ఎక్కువున్న కాన్పులే. జిల్లాల ర్యాంకులు వేసేటప్పుడు ఈ సంగతి ఎంతమంది చూస్తారన్నది అనుమానమే.

అంకెల చిన్నతనం గురించి లిమరిక్ దగ్గరే చూశాం. ఏడాదికి వెయ్యి కాన్పులు అయ్యే ఆస్పత్రిలో సగటున పది మంది కిలోన్నర లోపు వాళ్లు ఉంటారనుకుంటే, ఒక ఏడాది ఆరుగురు, ఇంకో ఏడాది పద్నాలుగు మంది రావడం ఊరికే కాకతాళీయంగా కూడా జరుగుతుంది. రెట్టింపు దాటింది అని కంగారు పడే ముందు మూడేళ్లో ఐదేళ్లో కలిపి చూడటం మంచిది.

నెలలు నిండకుండా ఎందుకు పుడతారు

ముందే నొప్పులు రావడం, ఉమ్మనీరు పోవడం, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉండి తెరుచుకోవడం, మూత్రంలో గానీ యోనిలో గానీ ఇన్ఫెక్షన్, ఇవన్నీ ఒక వరస. రెండో వరసలో డాక్టర్లే కావాలని ముందు కాన్పు చేసే కేసులు, బీపీ అదుపు తప్పి తల్లికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు, మాయ నుంచి బిడ్డకి రక్తం సరిగ్గా అందనప్పుడు. ఈ రెండో వరస ముఖ్యమైంది, ఎందుకంటే వైద్యం బాగున్న చోట ఇది పెరగొచ్చు. ఇంతకుముందు కడుపులోనే చనిపోయే బిడ్డని ఇప్పుడు 30 వారాలకే సిజేరియన్ చేసి బయటికి తీస్తున్నారు, చనిపోయి పుట్టే వాళ్లు తగ్గుతారు, కిలోన్నర లోపు వాళ్లు పెరుగుతారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకుండా ఏదో ఒకదాని మీద మాట్లాడితే సగం మాటే అవుతుంది.

కవలలు ఇంకో పెద్ద కారణం. అమెరికా లెక్కల్లో కవలల్లో పది మందిలో ఒకరి దాకా కిలోన్నర లోపు ఉంటారు, ఒంటరిగా పుట్టే పిల్లల్లో అది నూటికి ఒకరే. ఐవీఎఫ్ సెంటర్లు పెరిగి, ఒకేసారి రెండు మూడు పిండాలు పెట్టే అలవాటున్న ప్రాంతంలో ఈ శాతం పెరగడానికి పేదరికంతో పనే లేదు, బాగా డబ్బున్న కాలనీల్లోంచే పెరుగుతుంది.

మరి సిజేరియన్లు? 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు, దేశం సగటు 21.5. ముహూర్తం చూసుకుని 37, 38 వారాలకే కోయించుకుంటే బిడ్డ ఆఖరి వారాల్లో పెరగాల్సిన బరువు పోతుంది, దాని వల్ల కొందరు పిల్లలు 2500 గీత కిందకి జారొచ్చు కూడా. కిలోన్నర లెక్కకి మాత్రం దీంతో సంబంధం లేదు, ఏ ముహూర్తానికీ ఎవరూ 30 వారాలకి సిజేరియన్ చేయించుకోరు.

ఇల్లినాయ్, కాలిఫోర్నియా

అమెరికాలో నల్లజాతి తల్లుల పిల్లల్లో కిలోన్నర లోపు వాళ్లు మూడు శాతానికి కాస్త తక్కువ, తెల్లజాతి వాళ్లలో ఒక శాతం చుట్టూ. జన్యువుల్లోనే ఉందేమో అనే వాదన చాలాకాలం నడిచింది. 1997లో వచ్చిన ఒక పరిశోధన ఇల్లినాయ్ రాష్ట్రం జననాలు తీసుకుని, ఆఫ్రికాలో పుట్టి అమెరికా వచ్చిన నల్లజాతి తల్లుల్ని విడిగా చూసింది. సగటు బరువులు ఇలా వచ్చాయి, తెల్లజాతి తల్లుల పిల్లలు 3446 గ్రాములు, ఆఫ్రికాలో పుట్టిన తల్లుల పిల్లలు 3333, అమెరికాలోనే పుట్టిన నల్లజాతి తల్లుల పిల్లలు 3089. జన్యువులే కారణమైతే ఆఫ్రికాలో పుట్టిన తల్లుల పిల్లలు అమెరికా నల్లజాతి పిల్లల దగ్గర ఉండాలి, కానీ తెల్లవాళ్ల పక్కన ఉన్నారు. దాంతో ఆ దేశంలో పెరగడంలోనే ఏదో ఉందని, వివక్ష, దాని వల్ల ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకునే ఒత్తిడి, బీపీ వైపు చూపు మళ్లింది.

భారతీయుల కథ దీనికి రివర్స్. కాలిఫోర్నియాలో 1995–97 జననాలు చూసినప్పుడు, ఇండియా నుంచి వెళ్లిన తల్లులకి చదువుంది, ఇన్సూరెన్స్ ఉంది, మొదటి నెలల నుంచే చెకప్‌లు ఉన్నాయి, అయినా పిల్లల్లో తక్కువ బరువు ఎక్కువ. మెక్సికో నుంచి వెళ్లిన తల్లులకి ఇవేవీ అంతగా లేవు, పిల్లలు మాత్రం బరువుగానే పుట్టారు. అక్కడ స్థిరపడ్డ మన వాళ్లలో చాలామందికి ఇది డాక్టర్ దగ్గర అనుభవమే, గ్రోత్ చార్ట్‌లో బిడ్డ కింది గీత దగ్గర ఉంటుంది, టెస్టులన్నీ నార్మల్. పుణె పల్లెల్లో చేసిన అధ్యయనంలో పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ సౌతాంప్టన్ పిల్లలది 3.5. పుణె పిల్లలు సన్నగా కనిపించినా కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు, కండ తగ్గింది. తల్లి చిన్నప్పుడు ఎలా ఎదిగింది, ఎంత ఎత్తయింది అన్నది కూడా బిడ్డ బరువులోకి వస్తుంది కాబట్టి ఇది తొమ్మిది నెలల్లో తేలే లెక్క కాదు, ఒక తరం పడుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో

అదే 2019–21 సర్వే ప్రకారం ఆస్పత్రి కాన్పులు రెండు చోట్లా 96 శాతం దాటాయి. గర్భిణుల్లో రక్తం తక్కువ ఉన్నవాళ్లు రెండు చోట్లా 53 శాతం పైనే. 15–19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లి అయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8. ఈ ఒక్క అంకె దగ్గర రెండు రాష్ట్రాలూ విడిపోతాయి, పద్దెనిమిది నిండని ఒంటికి కాన్పు అంటే బీపీ రిస్క్, నెలలు నిండని కాన్పు రిస్క్ రెండూ ఎక్కువ కాబట్టి కిలోన్నర లెక్క మీద దీని ప్రభావం సూటిగా ఉంటుంది.

తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు, ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి పథకాలు పేర్లు మార్చుకుంటూ నడుస్తున్నాయి. ఇవన్నీ మంచివే, కానీ ఇవి ముఖ్యంగా కదిలించేది 2500 గీతని. గుడ్డు పెట్టి కిలోన్నర శాతం తగ్గలేదని నిరాశ పడితే తప్పు గుడ్డుది కాదు. ఆ శాతం తగ్గాలంటే మూడో నెలలోనే బీపీ రిస్క్ ఉన్నవాళ్లని పట్టుకుని చిన్న డోసు యాస్పిరిన్ మొదలుపెట్టడం, స్కానింగ్‌లో ముఖద్వారం పొడవు కొలిచి పొట్టిగా ఉంటే గర్భం నిలబడడానికి తోడ్పడే ప్రొజెస్టిరోన్ హార్మోన్ ఇవ్వడమో కుట్లు వేయడమో, మూత్ర పరీక్ష, కాన్పుకీ కాన్పుకీ గ్యాప్, పెళ్లి వయసు, ఐవీఎఫ్‌లో ఒక్క పిండమే పెట్టడం, ఇలాంటివి కావాలి. యాస్పిరిన్ మీద 2017లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, రిస్క్ ఎక్కువున్న తల్లుల్లో 37 వారాల లోపు వచ్చే ప్రమాదకర బీపీ 62 శాతం తగ్గింది, మందు చూస్తే మెడికల్ షాపులో చిల్లర ఖరీదు.

మన్యం వైపు అంకెల్ని ఇంకా జాగ్రత్తగా చదవాలి. డోలీలో మోసుకొచ్చే దారిలోనే కాన్పు అయిపోతే ఆ బిడ్డ తూకం ఎక్కేది ఎప్పుడో మూడో రోజు, అప్పటికి పుట్టిన బరువులో పదో వంతు దాకా తగ్గిపోయి ఉండొచ్చు, లేదా అసలు తూకం దాకా రాకపోవచ్చు. తక్కువ శాతం కనిపించే కొండ మండలం నిజంగా తక్కువ ఉన్నదో, కనిపించనిదో కాగితం మీద తెలియదు.

పుట్టాక

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ ఐదున్నర వారాలు ముందు పుట్టి రెండు రోజులు కూడా బతకలేదు. బరువు 2.1 కిలోలు. ఇవాళ జిల్లా ఆస్పత్రిలో ఆ బరువు బిడ్డని బాక్స్‌లో పెట్టడం కూడా అనుమానమే, ఎందుకంటే ప్రత్యేక యూనిట్‌లో చేర్చుకోవడానికి పెట్టుకున్న బరువు గీత 1800 గ్రాములు. మధ్యలో వచ్చినవి మూడు. కాన్పుకి ముందే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు ముదురుతాయని 1972లో న్యూజిలాండ్‌లో చూపించారు. 1980లో జపాన్‌లో సర్ఫాక్టెంట్, అంటే ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఆపే మందు, పని చేసింది. ఇక 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక తల్లి గుండెకి బిడ్డని హత్తించి కట్టేయడం మొదలుపెట్టారు, అదే కంగారూ మదర్ కేర్. పుట్టిన వెంటనే, బిడ్డ పూర్తిగా కుదుటపడేదాకా ఆగకుండా, అలా కట్టేస్తే కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు పిల్లల్లో మరణాలు పాతిక శాతం తగ్గాయని 2021లో ఐదు దేశాల ట్రయల్ చెప్పింది, అందులో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా ఉంది. వీటిలో ఏదీ కిలోన్నర లోపు శాతాన్ని తగ్గించదు. బతికే వాళ్లని పెంచుతుంది.

బతికే వాళ్లు పెరిగితే తర్వాతి పని పెరుగుతుంది, అందులో మొదటిది కళ్లు. నెలలు నిండని పిల్లల కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే జబ్బు ఒకటుంది, ఆక్సిజన్ ఎక్కువ తక్కువలు అయితే ఇంకా ముదురుతుంది, సమయానికి పట్టుకుంటే లేజర్‌తో ఆపొచ్చు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 1990ల చివర్లోనే పిల్లల యూనిట్ల దగ్గరికి వెళ్లి ఈ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. అమెరికాలో ఈ పరీక్ష ముఖ్యంగా 1500 గ్రాములు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకి, లేదా 30 వారాలు, అంతకంటే ముందు పుట్టినవాళ్లకి చేయాలంటారు, కానీ ఇక్కడ కిలో ఎనిమిది వందలతో పుట్టిన పిల్లల్లో కూడా ఈ జబ్బు కనిపించడంతో భారత్‌లో గీత 2000 గ్రాముల లోపు అని, లేదా 34 వారాల లోపు అని పెట్టుకున్నారు. మొదటి పరీక్ష పుట్టిన 30 రోజుల లోపు జరగాలి. ఆ ముప్ఫై రోజులకి చాలామంది పిల్లలు డిశ్చార్జ్ అయిపోయి అమ్మమ్మగారి ఊళ్లో ఉంటారు, బస్సు దిగి ఇంకో ఆటో ఎక్కాల్సినంత దూరంలో.